అవతలి ఫోన్

ఫోన్ కొత్త వెర్షన్‌లోకి మారుతున్నప్పుడు అరచేతికి ఒక వేడి తగులుతుంది. చెయ్యి కాలేంత కాదు, జ్వరం వచ్చిన పసిబిడ్డ నుదురు తాకినట్టుంటుంది. ఈ పొద్దున సిరిసిల్లలోని నా దుకాణంలో ఒక టీచరమ్మ ఫోన్ అలాగే నా చేతిలో వేడెక్కుతోంది. తెర మీది గీత సగం దాకా వచ్చి ఆగింది. బల్ల మీద పెట్టేసి వేరే పని చూసుకోవచ్చు. కానీ నా వల్ల కాదు. లేచి గుమ్మం దాకా వెళ్తాను, వీధి చివర మరమగ్గాల చప్పుడు కాసేపు వింటాను, వెనక్కి వచ్చి మళ్ళీ ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. "నా ఫోనుకు నాకంటె నీకే ఎక్కువ రంది ఉన్నట్టున్నదమ్మా" అని టీచరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రంది, ఆ ఆదుర్దా, నాకు పుట్టుకతో వచ్చింది కాదు. కోరుట్లలో షహనాజ్ ఆపా దగ్గర పనిచేసిన రోజుల్లో అంటుకుంది, ఇక వదల్లేదు.

షహనాజ్ ఆపా, అంటే షహనాజ్ అక్క, పోయి మూడేళ్ళు దాటింది. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆ దుకాణం గురించి చెప్పాలి. కోరుట్ల బస్టాండుకు దగ్గరి సందులో, బట్టలు కుట్టే దుకాణం మీద, ఇరుకు మెట్లెక్కి వెళ్ళే మేడగది అది. బోర్డు మీద 'ఆడవాళ్ళ మొబైల్ రిపేరు' అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాసి ఉండేది. ఊళ్ళో ఫోన్లు బాగుచేసే మగవాళ్ళ దుకాణాలకు కొదవ లేదు. కానీ కోరుట్ల పక్కనున్న ఇబ్రహీంపట్నం వైపు ఊళ్ళల్లో చాలా ఇళ్ళ మగవాళ్ళు గల్ఫ్‌లో ఉంటారు. ఆలుమగల ముచ్చట్లు, అలకలు, ఫొటోలు అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటాయి. దాన్ని ఎవరో మగమనిషి చేతిలో పెట్టి, 'రేపు రా' అంటే సరేనని వెళ్ళిపోవడానికి ఏ ఇల్లాలికి మనసొప్పుతుంది? పగిలిన అద్దంతోనే నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్ళు. వాళ్ళంతా ఆపా దగ్గరికి వచ్చేవాళ్ళు. అక్కడ ఫోన్ దుకాణంలో ఉండిపోవడమనేది లేదు. ఫోన్ తెచ్చినామె ఎదుట స్టూలు మీద కూర్చుంటే, ఆమె చూస్తుండగానే పని జరిగేది. ఫొటోల జోలికి పోవలసి వస్తే ఆపా ఫోన్ తిప్పి ఆమె చేతికే ఇచ్చి, "నువ్వే తెరువమ్మా, నేను గోడ దిక్కు చూస్త" అనేది. నిజంగానే గోడవైపు తిరిగి కూర్చునేది.

నేను ఆ మెట్లెక్కినప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పెగడపల్లి దగ్గర కల్లు గీసే ఇంట్లో పుట్టాను. జగిత్యాలలో కంప్యూటరు కోర్సు చేశాను. పెళ్ళయి కోరుట్లకు వచ్చాను. నాకు తొందర ఎక్కువ. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేని మనిషిని. మొదటి రోజు ఆపా ఒక చెడిపోయిన ఫోన్ ముందు పెట్టి విప్పమంది. ఆమె చాయ్ తాగడం పూర్తయ్యేలోపు విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగించి ఇచ్చాను. ఆమె కళ్ళద్దాలు పైకి జరిపి ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"చేతులు మంచిగున్నయ్ స్వరూపా. నోరు ఎట్లున్నదో చూడాలె" అంది.

"చేతుల పనికి నోరెందుకు ఆపా?"

"అడిగేతందుకు."

ఏం అడగాలో ఆ వారంలోనే తెలిసింది. ఎవరు వచ్చి ఏ రిపేరు చెప్పినా, ఆపా ముందు ఒక చీటీ తీసి, "అవతల ఎవలున్నరు?" అని అడిగేది. అంటే ఈ ఫోన్‌తో రోజూ ఎవరితో మాట్లాడతావు, వాళ్ళ దగ్గర ఏ ఫోన్ ఉంది, అందులో ఏ వెర్షన్ నడుస్తోంది, ఏ యాప్‌లో మాట్లాడుకుంటారు అని. అవన్నీ రాసుకున్నాకే స్క్రూడ్రైవర్ ముట్టుకునేది. ఆమె లెక్కలో ఫోన్ అంటే జోడు. ఒకటి ఇక్కడ బల్ల మీద ఉంటే రెండోది ఎక్కడో ఇసుకలో ఉంటుంది, ఇక్కడ చేసే ప్రతి పనీ అక్కడా తగులుతుంది. నాకు ఇదంతా పొద్దుపోని వ్యవహారంలా కనిపించేది. కొత్త వెర్షన్ వచ్చిందంటే నాకు పండుగ. తెర మీద ఆ ఎర్ర చుక్క కనబడితే నొక్కకుండా ఉండలేను. కంపెనీవాళ్ళు తెలివిలేకనే కొత్తది పంపిస్తారా అని నా వాదన.

ఆపాకు కొత్తదంటే వ్యతిరేకత ఏమీ లేదు. అలా అనుకుంటే ఆమెకు అన్యాయం చేసినట్టే. "కొత్త ఇల్లు కట్టుకునుడు మంచిదే" అనేది. "గాని పాత మంచం కొత్త దర్వాజల నుంచి పడుతదా లేదా ముందుగాల కొల్చుకోవాలె. ఇల్లు కట్టినంక కొలిస్తే మంచం కోసుకోవాలె." ఒకసారి జగిత్యాల నుంచి ఒక లెక్చరరమ్మ వచ్చి, ఫోన్ అప్‌డేట్ చేసి ఇమ్మంది. కాలేజీకి వేళవుతోందని ఆమె చేతి గడియారం చూసుకుంటుంటే, ఆపా మాత్రం ఆమెతో ఒక్కొక్క యాప్ తెరిపించి అది దేనికని అడుగుతూ కూర్చుంది. చివరికి చక్కెర చూసుకునే మిషన్ ఒకటి ఆ ఫోన్‌కు కలిపి ఉందని తేలింది. మిషన్ పాతది, దాని యాప్ పాతది, కొత్త వెర్షన్‌లో నడుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆపా వాళ్ళ కంపెనీకి రాయించి, జవాబు వచ్చేదాకా అప్‌డేట్ చేయనంది. లెక్చరరమ్మ మెట్లు దిగుతుంటే నేను మొహం ముడుచుకున్నాను. ఆపా చూసింది.

"తాటిచెట్టెక్కేటోని బిడ్డవు, నీకింత తొందరేంది? మీ నాయిన గిట్లనే ఎక్కితే నువ్వు పుట్టకనే పోదువు" అంది. కింద కుట్టుపని దుకాణంలో వాళ్ళకు కూడా వినబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ మంటతోనే ఉన్నానో, నా తొందరే నన్ను పట్టించిందో, కొన్ని నెలలకు ఆ సోమవారం వచ్చింది. ఆపా సామాన్లు తేవడానికి జగిత్యాల వెళ్ళింది. దుకాణంలో నేనొక్కదాన్నే. నలుగురు ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉన్నారు. మూడో మనిషి గంగామణి, ఇబ్రహీంపట్నం నుంచి వచ్చింది. ఫోన్ నుంచి ఫొటోలు పోవడం లేదంది. లోపల జాగా నిండిపోయింది, అంతే. అనవసరమైనవి తీసేశాను, పని అంతటితో అయిపోయేది. కానీ తెర మీద ఎర్ర చుక్క ఉంది. ఎన్నో నెలల నుంచి ఎవరూ ముట్టుకోని అప్‌డేట్. అది కూడా చేస్తే ఫోన్ హుషారుగా ఉంటుందని నా వేలు అటే పోయింది.

"అది ఒత్తద్దన్నడక్కా మా ఆయన" అంది గంగామణి, గొంతు పెంచకుండానే.

"ఏం గాదు. మంచిగైతది" అన్నాను. చీటీ తీయలేదు. అవతల ఎవరున్నారని అడగలేదు. వెనక ఇంకొకామె బస్సు పోతుందని సణుగుతుంటే, ఆ తొందరలో అడగలేదు.

ఫోన్ కొత్తగా తెరుచుకుంది. రంగులు మారాయి. గంగామణి సంతోషపడి, భర్తతో మాట్లాడే యాప్ నొక్కింది. తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ మూసుకుపోయింది. ఈ యాప్ పాత వెర్షన్ కోసం తయారైందని ఒక మాట తెర మీద కనబడి పోయింది. యాప్ కొత్తది దింపుదామని వెతికితే అసలు లేదు, దాన్ని తయారుచేసినవాళ్ళు ఎప్పుడో మానేశారు. అప్పుడు చేసిన పనికంటే ఆ తర్వాత అన్న మాటకు నాకు ఇప్పటికీ సిగ్గు. "నీ ఫోన్ పాతదైందక్కా. రెండు రోజులు చూడు, అదే వస్తది" అన్నాను. ఫోన్లు బాగుచేసేవాళ్ళం చేతగానప్పుడు అనే మాట అది, నోటికి అలవాటుగా వచ్చేసింది. గంగామణి తలూపి, ఫోన్‌ను కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆపా వచ్చి ఏమైనా ఉందా అని అడిగితే ఏం లేదన్నాను.

మంగళవారమంతా నేను ఒక చోట కూర్చోలేకపోయాను. మెట్ల మీద చప్పుడైతే గంగామణి వచ్చిందేమో అనుకున్నాను, రాకపోతే ఎందుకు రాలేదా అనుకున్నాను. బుధవారం పొద్దున్నే, షట్టర్ ఎత్తుతుండగానే వచ్చింది. రెండు రోజులు నిద్ర లేని కళ్ళు. ఆపా స్టూలు వేసి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, సంగతి అడిగింది. అప్పుడు విన్నాను నేను, సోమవారం అడిగి ఉంటే వినవలసినదంతా.

గంగామణి భర్త రాజం పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టులు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. పనివాళ్ళంతా ఒక క్యాంపులో, ఉన్నంతలో తింటూ రోజులు లెక్కపెడుతున్నారు. ఇంటికి పంపేవాళ్ళ పేర్ల లిస్టు తయారవుతోంది. లిస్టులో పేరు నిలవాలంటే పాస్‌పోర్టు నకలైనా చూపించాలి. ఇంట్లో బీరువాలో దాచిన ఆ నకలును గంగామణి కొంగున కట్టుకుని వెంటే తెచ్చింది. దాని ఫొటో గురువారంలోపు రాజంకు అందాలి. ఆ ఫొటో పోవడం లేదనే ఆమె సోమవారం మా దగ్గరికి వచ్చింది.

"ఆయన దగ్గర ఏ ఫోనున్నది?" అని ఆపా అడిగింది.

"పాతదాపా. పగిలిపోయింది. సిమ్ము బందైంది, క్యాంపుల వైఫై ఉంటే మాట్లాడుతడు. వేరే యాపులు ఏమేసినా ఈ ఫోనుకు రావు అంటది. గదొక్కటే నడుస్తది."

అవతల ఫోన్ అంత పాతది గనక కొత్త యాప్‌లు అందులోకి ఎక్కవు. ఇవతల ఫోన్ నేను కొత్త చేశాను గనక ఆ పాత యాప్ ఇందులో నిలవదు. ఇద్దరికీ కలిసి నిలబడడానికి ఉన్న ఒక్క అడుగు జాగాను నేను తీసేశాను.

ఆపా ఫోన్ తీసుకుని వెర్షన్ చూసింది. "ఇది ఎవలు చేసిన్రు?" అంది.

"ఎవలు చెయ్యలేదాపా. ఫోను పాతదైందట" అంది గంగామణి. నన్ను కాపాడాలని కాదు. నేను చెప్పింది నమ్మింది.

ఆపా నా వైపు చూసింది. అరవలేదు. లేచి, గంగామణి పక్కన ఇంకో స్టూలు వేసింది. "స్వరూపా, ఇటు రా. ఈడ కూసో" అంది. అది ఫోన్లు తెచ్చేవాళ్ళు కూర్చునే చోటు. నేను ఎన్నడూ అటువైపు కూర్చోలేదు. "ఈమెకు చెప్పు."

చెప్పాను. ఒత్తద్దని నువ్వు చెప్పినా ఒత్తానని, ఫోన్ పాతదైందన్నది అబద్ధమని చెప్పాను. గంగామణి తిడుతుందనుకున్నాను. చెంప మీద కొట్టినా పడేదాన్ని. ఆమె నా మొహం చూస్తూ, "మరి ఇప్పుడెట్లక్కా?" అంది. ఇంత చేసినదాన్ని ఇంకా 'అక్కా' అంటోంది. ఆ పిలుపు తట్టుకోవడం తిట్టు కంటే కష్టమైంది.

పాత వెర్షన్‌కు వెనక్కి తీసుకెళ్దామా అని అడిగాను. "తీస్కపోవచ్చు. లోపలున్నదంతా తుడుచుకపోతది" అంది ఆపా. "మళ్ళ ఆ యాప్ లోపలికి పోవాలంటే కోడ్ రావాలె. ఆ కోడ్ పంపుడు వాళ్ళు బంద్ చేసి శానా రోజులైంది. లోపలున్నోళ్ళకే నడుస్తున్నది, బయటికొస్తే మళ్ళ పోరాదు." కోడ్ సంగతి నాకు తెలియదు. ఆమెకు తెలుసు, ఎందుకంటే అంతకుముందు వేరే ఎవరినో అడిగి తెలుసుకుంది. ఫోన్‌తో ఇక చేయగలిగింది లేదని ఆమెకు నిమిషంలో అర్థమైంది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి గంగామణిని అడగడం మొదలుపెట్టింది. క్యాంపులో రాజం గదిలో ఇంకా ఎవరుంటారు? ఏ ఊళ్ళవాళ్ళు? వాళ్ళు ఇంటికి ఎట్లా మాట్లాడతారు? గంగామణి చాలాసేపు ఆలోచించి, "బుగ్గారం ఆయన ఒకాయన ఉన్నడంటరు. పేరు తెల్వది. వంట మంచిగ చేస్తడని మా ఆయన చెప్తడు" అంది.

"చాలు" అని ఆపా బురఖా వేసుకుంది. షట్టర్ దించాం.

కోరుట్ల నుంచి జగిత్యాల బస్సు ఎక్కాం, ముగ్గురం. నాకు ఆ బస్సు ఎడ్లబండి కంటే నెమ్మదిగా నడిచినట్టు అనిపించింది. ఎవరైనా చెయ్యెత్తితే డ్రైవరు ఆపుతున్నాడు, మూటలు ఎక్కిస్తున్నారు. నేను కిటికీ కడ్డీ పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉన్నాను. గంగామణి కళ్ళు మూసుకుని ఉంది. ఆపా నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టింది. అప్పుడు చెప్పింది, తాను ఈ పని ఎలా నేర్చుకుందో. అంతకుముందు ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

ఆమె పెళ్ళయిన కొత్తలో భర్త కూడా గల్ఫ్‌లోనే ఉండేవాడు. ఫోన్లు లేవు, ఉత్తరాలు చదివించుకోవడానికి ఇంకొకరు కావాలి. అందుకని మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపించేవాళ్ళు. ఒకసారి ఆయన అక్కడ సరికొత్త రికార్డర్ కొని, సంబరంగా మాట్లాడి పంపాడు. వచ్చింది చూస్తే అగ్గిపెట్టె కంటే చిన్న క్యాసెట్. ఇంట్లో టేపురికార్డర్‌లో పట్టదు. కోరుట్లలో, జగిత్యాలలో ఎక్కడా దాన్ని పాడే మిషన్ లేదు.

"పదిహేను దినాలు చేతుల పట్టుకోని తిరిగిన" అంది ఆపా. "ఇగ ఆగలేక చిన్నదాన్ని పగులగొట్టి, లోపలి రీలు పెద్ద క్యాసెట్‌ల చుట్టిన. పెట్టి వింటె ఏముంది, మా ఆయన పిట్ట లెక్క కిచకిచమంటుండు. చిన్నదేమో మెల్లగ తిరుగుతదట, పెద్దదేమో జల్ది తిరుగుతది. నవ్వచ్చింది. తర్వాత ఏడుపచ్చింది."

"మరి?" అన్నాను. అంత ఆత్రంలోనూ అడిగాను.

"బ్యాటరీ సెల్లులు అయిపోవచ్చినప్పుడు పాట ఈడ్చుకుంటది చూడు. ఇరుగుపొరుగోళ్ళు పారేసిన సెల్లులు ఏరుకొచ్చి ఏసిన. పిట్ట మనిషైండు."

"ఏం చెప్పిండు ఆపా?"

"ఏమున్నది, ఖర్జూరపండ్లు మస్తుగ కాసినయట. గదే." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "గాయన కొత్తది కొన్నడు, తప్పా? ఇంట్ల ఏమున్నదో యాదికి రాలే, గంతే. నీది సుత గంతే. అబద్ధమే గలీజ్ పని."

జగిత్యాలలో దిగి ఆటో మాట్లాడుకుని బుగ్గారం చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. పేరు తెలియని మనిషి ఇల్లు ఎక్కడని అడుగుతాం? ఆపా ఎవరినీ అడగలేదు. బీడీల కార్ఖానా ఎటని మాత్రం అడిగింది. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు. గల్ఫ్‌కు పోయినవాళ్ళ భార్యల్లో బీడీలు చుట్టనివాళ్ళు మా వైపు తక్కువ. ఎవరి భర్త ఏ దేశంలో ఉన్నాడో, ఏ కంపెనీలో ఉన్నాడో, ఎవరికి జ్వరం వచ్చి తగ్గిందో ఆ అరుగు మీద తెలియనిది ఉండదు. మేం చెప్పడం పూర్తికాకముందే ఒకామె, "వంట మంచిగ చేసుడంటె మన సత్తెమ్మ పెనిమిటే గాదె" అంది. సత్తెమ్మ అక్కడే, తంబాకు చాట ఒళ్ళో పెట్టుకుని ఉంది.

సత్తెమ్మ ఫోన్ ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. తప్పు పట్టలేం, ఎవరమో తెలియదు. ఆపా ముఖం మీది బట్ట తీసి, ఆమె పక్కన నేల మీద కూర్చుని, "నాకియ్యకు. నీ చేతులనే ఉండనీ. నువ్వే కలుపు" అంది. సత్తెమ్మ రవికలోంచి ఫోన్ తీసింది. అదే యాప్, పాత వెర్షన్ మీద చక్కగా ఉంది. మీద ఎర్ర చుక్క కూడా ఉంది. "రోజు గదేందో అచ్చుడు, నేను తీసేసుడు" అని నవ్వింది సత్తెమ్మ. చదువు రాని ఆమె తీసేస్తూ వచ్చింది. చదువుకున్న నేను ఒత్తాను.

మూడుసార్లు కలవలేదు. నేను నిలబడలేక అరుగు చుట్టూ తిరుగుతున్నాను. నాలుగోసారి ఆమె భర్త ఎత్తాడు. సంగతి విని, "రాజమా? మూడు దినాలసంది అన్నం సుత సరిగ తింటలేడు. ఉండుండ్రి" అని పరుగెత్తిన చప్పుడు వినబడింది. తర్వాత ఎవరో ఫోన్ అందుకున్నారు. ఊపిరి మాత్రం వినబడుతోంది. గంగామణి ఫోన్ దగ్గరికి వంగి, "నేనే. ఫోను ఖరాబైంది. కాయితం తెచ్చిన" అంది. అవతల నుంచి ఒక మగమనిషి ఏడుపు వినబడింది. అరుగు మీద ఆడవాళ్ళందరూ చేతుల్లో పని ఆపి తలలు వంచుకున్నారు. ఆపా గోడవైపు తిరిగింది. సత్తెమ్మ ఫోన్‌తోనే పాస్‌పోర్టు నకలు ఫొటో తీసి పంపాం. అందిందని జవాబు వచ్చేదాకా నేను గోరు కొరుకుతూనే ఉన్నాను.

లిస్టులో పేరు నిలిచింది. కొన్ని వారాలకు రాజం ఇంటికి వచ్చాడు. నా తప్పు సర్దుకుపోయిందని, కథ సుఖంగా ముగిసిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. ఒక మధ్యాహ్నం ఆలుమగలిద్దరూ మెట్లెక్కి వచ్చారు. ఖర్జూరాల పొట్లం ఆపా చేతికిచ్చి, రాజం స్టూలు మీద కూర్చున్నాడు. బక్కగా, ఎండకు నల్లబడి ఉన్నాడు.

"దండం పెట్టిపోదామని వచ్చిన. గాని ఒక మాట చెప్పకుంటె నా పానం ఊకుంటలేదు" అన్నాడు. "సోమవారంసంది ఈమె ఎత్తుతలేదు. నేను చేసేటి కాల్ పోతున్నది, ఎత్తుతలేరు. ఒక దినమైతే సర్లే అనుకున్న. రెండోనాడు అనుకున్న, పైసలు లేకుంట ఒట్టి చేతుల అచ్చెటోన్ని ఎవలు రమ్మంటరు, ఈమెకు సుత ఇసుగచ్చింది కావచ్చు అని. బుధవారం పొద్దుగాల పోయి లిస్టు రాసేటాయనకు చెప్పిన, నా పేరు కొట్టెయ్యిండ్రి, ఇంకొకని పేరు రాసుకోండ్రి, నాకు పోయేటందుకు ఇల్లు లేదు అని."

గంగామణి ఆయన వైపు చూసింది. ఆ సంగతి ఆమెకూ అప్పటిదాకా తెలియదని ఆ చూపులో తెలిసిపోయింది.

"ఆయన కలం పట్టిండు. గంతలోనే అన్నానికి పిలిస్తె, తిని వచ్చినంక కొట్టేస్త తీయ్ అని పోయిండు. ఆయన తినొచ్చేలోపట మీ కాల్ అచ్చింది."

నేను లేచి ఆయన ఎదుట నిలబడి, "ఆ ఫోన్ ఖరాబు చేసింది నేనే అన్నా. నీ మాటని ఈమె చెప్పింది, నేను ఇనలే" అన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. క్షమించానని చెప్పలేదు, తిట్టలేదు. కాసేపటికి ఇద్దరూ లేచి మెట్లు దిగిపోయారు.

వాళ్ళ చప్పుడు ఆగాక నాకు దుఃఖం పొంగుకొచ్చింది. బల్ల మీద తల పెట్టబోయాను. ఆపా నా గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"ఏడ్వకు" అంది. "ఏడిస్తె తేలికైపోతది. తేలిక చేసుకోకు బిడ్డా. ఇది ఉండాలె."

అప్పుడు ఆమె మీద చాలా కోపం వచ్చింది. ఓదార్చకపోతే మానె, ఏడవనైనా ఇవ్వదా అనుకున్నాను. కొన్ని రోజులు సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్ళు ఆమె దగ్గరే పనిచేశాను. ఆ సంగతి మా ఇద్దరి మధ్య మళ్ళీ ఎన్నడూ రాలేదు. సిరిసిల్లకు మారి నా దుకాణం పెట్టుకున్నాను. చేతుల వేగం తగ్గలేదు, తొందర కూడా పూర్తిగా పోలేదు. కానీ ముక్కూ మొహం తెలియని ఒక మనిషి అన్నం తినడానికి లేచిన ఆ కాస్త సేపు నన్ను వదలదు. ఆయనకు ఆ పూట ఆకలి కాకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే, కూర్చున్నదాన్ని లేచి నిలబడతాను.

ఆపా పోయినప్పుడు కబురందగానే కోరుట్ల వెళ్ళాను. ఇంటి నిండా ఆడవాళ్ళు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఒకప్పుడు స్టూలు మీద కూర్చున్నవాళ్ళు, అందరూ ఏడుస్తున్నారు. గంగామణి నన్ను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. తెల్లబట్టలో ఆపా ముఖం చూశాను, పళ్ళు బిగించి ఆపుకున్నాను. అన్నేళ్ళు ఉప్పు తిన్నది, ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదే అని వెనక ఎవరో అనడం వినబడింది. అననీ అనుకున్నాను. ఆమె తేలిక చేసుకోవద్దంది, నేను చేసుకోలేదు.